షాపులకూ కంపెనీలకూ మాటర్ రాసి, దిద్దిపెట్టే పని ఎలా చేయాలి

రావులపాలెం సెంటర్‌లో బస్సు దిగి అమలాపురం వైపు వెళ్తూ దారి పొడవునా ఉన్న బోర్డులు చదవండి. స్వీట్ల కొట్టు, రొయ్యల మేత డీలరు, ఫర్నిచర్ షోరూము, కంటి ఆసుపత్రి, అన్నింటి మీదా దాదాపు ఒకే మాటలు: నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా, సరసమైన ధరలకు లభించును. ఒక కొట్టు మాటలు తీసి పక్క కొట్టుకి పెట్టినా తేడా తెలియదు. లోపలికి వెళ్తే మాత్రం ఒక్కో వ్యాపారానికీ తనదైన సంగతి ఒకటి ఉంటుంది. ఒకాయన నెయ్యి ఏ ఊరి నుంచి తెప్పిస్తాడో చెబుతాడు. ఇంకొకాయన రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ మోటారు బాగుచేయడానికి మనిషిని చెరువు గట్టుకి పంపిస్తాడు. ఆ సంగతి బోర్డు మీదికి, డబ్బా మీదికి, వాట్సాప్ మెసేజ్‌లోకి రావాలి. దాన్ని మాటల్లో తెచ్చిపెట్టడమే మీ పని. అచ్చుకీ మెసేజ్‌కీ వెళ్లే ఆ రాతనే మాటర్ అంటారు. దీనికి డబ్బు అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

తెలుగు తప్పుల్లేకుండా రాయగలిగి, ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోగలిగితే పని మొదలుపెట్టడానికి చాలు. మిగతాదంతా పద్ధతి.

ముందు ఒక్క రంగం పట్టుకోండి

మీ ఊరికి దగ్గర్లో ఏ వ్యాపారం గుంపుగా ఉందో చూడండి. ఆత్రేయపురం అయితే పూతరేకులు, కడియం అయితే నర్సరీలు, అంబాజీపేట అయితే కొబ్బరి, భీమవరం చుట్టుపక్కల ఆక్వా అంటే చేపలు, రొయ్యల సాగు, నరసాపురం, పాలకొల్లు వైపు లేసు. ఒకే రంగంలో నలుగురికి పనిచేస్తే ఐదో మనిషి దగ్గరికి వెళ్లేసరికి ఆ వ్యాపారంలో ఏం అడగాలో మీకు తెలిసిపోతుంది. అయితే ఒకరి ధరలు, సప్లయర్ల పేర్లు ఇంకొకరి దగ్గర ఎత్తకూడదు. చిన్న ఊళ్లో ఈ మాట ఎంత త్వరగా తిరుగుతుందో మీకు తెలుసు. ఎదురెదురు కొట్లవాళ్లు ఇద్దరూ పిలిస్తే, రెండో ఆయనకి ఆ విషయం ముందే చెప్పండి.

రాయడానికి కూర్చునే ముందు వినండి

మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. యజమాని గారిని “మీ గురించి నాలుగు ముక్కలు రాసివ్వండి” అని అడిగితే, పైన చెప్పిన బోర్డు మాటలే రాసిస్తారు. అందుకని రాసివ్వమనొద్దు, మాట్లాడమనండి. అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తీరిక లేదంటే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి. రాయమంటే బిగుసుకుపోయే మనిషే మాట్లాడమంటే బంగారంలాంటి వాక్యాలు చెబుతారు.

ఇవి తప్పకుండా అడగండి. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ ఎందుకొస్తున్నారు? కొనేముందు ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఏది? సరుకు తిరిగి తెచ్చినవాళ్లు ఏమని తెచ్చారు? ఎంత గిరాకీ ఉన్నా మీరు అమ్మనిది ఏమైనా ఉందా? చివరి ప్రశ్నకి వచ్చే జవాబులో సాధారణంగా అసలు విషయం దొరుకుతుంది. “డాల్డాతో చేసినవి నేను అమ్మనండి” అన్న మాట ముందు “అత్యుత్తమ నాణ్యత” నిలబడదు.

తర్వాత ఒక సాయంత్రం కౌంటర్ పక్కన కూర్చుని కొనేవాళ్ల మాటలు వినండి. పూతరేకుల కొట్లో ఎక్కువమంది అడిగేది రుచి గురించి కాదు. హైదరాబాద్ పంపితే విరిగిపోవా, ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి, బెల్లంవి ఉన్నాయా అని. డబ్బా మీద, మెసేజ్‌లో మొదట రావలసినవి ఈ జవాబులే.

ఆ రంగంలో వాళ్లు వాడే మాటలు చిన్న పుస్తకంలో రాసుకోండి. హైదరాబాద్ ఆఫీసులో తయారైన విత్తనాల కరపత్రంలో ఖరీఫ్, రబీ అని ఉంటే, ఇక్కడి వరి రైతుకి సార్వా, దాళ్వా అని మార్చి ఇవ్వండి. ఎండిన గుండు కొబ్బరి కాయని కురిడీ అంటారు, అరటిని గెలల లెక్కన అమ్ముతారు. రొయ్యల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 100 కౌంట్ అంటే చిన్నవి, 30 కౌంట్ అంటే పెద్దవి, ధర కూడా ఎక్కువ. ఈ సంగతి తెలియనివాళ్లు మేత కరపత్రంలో “మా మేతతో కౌంట్ పెరుగుతుంది” అని రాస్తే, రైతుకి అది రొయ్య చిన్నదైపోతుందని చెప్పినట్టు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో తప్పేమీ లేదు. సరుకు తెలిసినవాళ్లే దాన్ని పట్టుకోగలరు.

ఒక్క పేజీ ఒప్పందం

పని ఒప్పుకున్న రోజే ఒక కాగితం మీదో వాట్సాప్‌లోనో ఈ సంగతులు రాసి, అవుననిపించుకోండి: ఏమేం రాసివ్వాలి, ఏ భాషలో, ఎప్పటికి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, చివరి మాట ఎవరిది. ఈ చివరిది వదిలేస్తే టెన్షన్ తప్పదు. యజమాని ఓకే అన్నాక వాళ్ల అబ్బాయి, అల్లుడు, ఆడిటరు గారు తలో మార్పూ చెబుతారు. మార్పులన్నీ ఒకే మనిషి ద్వారా రావాలని మొదటి రోజే అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మాటర్ రాయడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. పూతరేకుల డబ్బా మీద ఇలా ఉందనుకోండి: “ప్రపంచ ప్రసిద్ధి గాంచిన సాంప్రదాయ ఆత్రేయపురం పూతరేకులు. అత్యుత్తమ నాణ్యతతో తయారుచేయబడినవి. మీ కుటుంబ సభ్యులతో కలిసి ఆస్వాదించండి.”

కొనేవాళ్లకి ఇందులో కొత్తగా తెలిసింది ఏమీ లేదు. యజమాని చెప్పినవి, మీరు కళ్లారా చూసినవి పెట్టి తిరగరాస్తే ఇలా వస్తుంది: “నానబెట్టిన బియ్యం రుబ్బి, ఆ పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద పరిచి తీసిన రేకు. లోపల బెల్లం పొడి, నెయ్యి, జీడిపప్పు. నూనె వాడలేదు. డబ్బాలో 10. కొరియర్‌లో నలగకుండా విడివిడిగా కాగితం చుట్టాం.”

రెండో దానిలో పొగడ్త లేదు, అన్నీ కంటితో చూసి సరిచూసుకోగల విషయాలే. పని జరుగుతున్నట్టు క్రియలు వాడాం. “తయారుచేయబడినవి”, “లభించును”, “సప్లయి చేయబడును” వంటివి కనిపిస్తే “చేస్తాం”, “దొరుకుతాయి”, “పంపుతాం” అని మార్చండి. వాక్యం పొట్టిదవుతుంది, అందులో మనిషి కనిపిస్తాడు. 1874లో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టిన నేల ఇది. ఆ తర్వాత గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం ఏళ్ల తరబడి పోరాడారు. పత్రికలూ పుస్తకాలూ ఎప్పుడో వాడుక భాషకి వచ్చేశాయి. కొట్టు బోర్డులు ఇంకా “లభించును” దగ్గరే ఉండిపోవడం నాకు బాధగా ఉంటుంది.

అలాగని యాస గుమ్మరించొద్దు. “ఆయ్”, “అండి” ఒక వీడియోలో మాట్లాడే మనిషి నోట బాగుంటాయి. ధరల పట్టికలోనో, బ్యాంకుకి ఇచ్చే కంపెనీ పరిచయంలోనో ఉండకూడదు. కొనేవాళ్లని ఎప్పుడూ “మీరు” అనే అనాలి. పిల్లల బట్టల కొట్టయినా సరే, ప్రకటనలో “నువ్వు” మన వైపు చెల్లదు.

ఇంగ్లిష్ మాటర్ అడిగితే తెలుగు వాక్యాన్ని మాటకి మాట మార్చి ఇవ్వకండి. లేసు కొనే విదేశీ కొనుగోలుదారుకి తెలియాల్సింది వేరు: దారం ఏది, కొలత సెంటీమీటర్లలో ఎంత, ఎలా ఉతకాలి, ఇన్ని వందల ముక్కలు ఎన్ని వారాల్లో ఇవ్వగలరు. నరసాపురం ప్రాంతంలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే క్రోషే సూదితో అల్లుతారన్నది చెప్పదగిన విషయమే, కానీ ఆ నాలుగు వివరాల తర్వాత. మెషిన్ లేసు కూడా అమ్మే వ్యాపారి అయితే ఏది చేతి అల్లికో ఏది మెషిన్‌దో సరుకు వారీగా రాయించుకున్నాకే “చేత్తో అల్లినది” అన్న మాట వాడండి.

చట్టం చూడాల్సిన చోట్లు

తినే సరుకు ప్యాకెట్ మీద ఉండాల్సినవి కొన్ని చట్టమే చెబుతుంది: ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, దినుసుల జాబితా, నికర బరువు, పన్నులన్నీ కలిపిన ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, తయారీదారు పూర్తి చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు. ఈ వివరాలు ఇంగ్లిష్‌లోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండాలి. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు, ఒక్క తెలుగుతో మాత్రం సరిపోదు. కాబట్టి డిజైన్ మొదలయ్యే ముందే రెండు భాషలకీ చోటు లెక్క వేయాలి.

“సహజమైన”, “స్వచ్ఛమైన”, “తాజా”, “అసలైన”, “సంప్రదాయ” వంటి మాటలకి ఆహార ప్రకటనల మీద 2018లో వచ్చిన నిబంధనల్లో షరతులున్నాయి. ఇష్టం వచ్చినట్టు వాడటానికి వీల్లేదు. బెల్లం పూతరేకుల మీద “షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు” అని రాయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. అది ఒక మనిషి ఆరోగ్యానికి సంబంధించిన మాట. చూర్ణాలు, తైలాల వాళ్లు “మధుమేహం నయమవుతుంది” అని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయగలదు. యజమానికి ఈ అంకె చెబితే, “ఆంధ్రాలోనే నంబర్ వన్” అన్న మాట ఆయనే తీసేయమంటారు.

జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న భౌగోళిక గుర్తింపు, సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. ఉప్పాడ జాందానీ చీరలకి 2009లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో ఆ గుర్తింపు వచ్చింది. అయితే అది ఊరికీ సరుకుకీ వచ్చింది కదా అని ప్రతి కొట్టూ డబ్బా మీద వేసుకోకూడదు. 1999 చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లకే ఆ హక్కు. నమోదు పత్రం కాపీ చూశాకే ఆ ముక్క రాయండి.

ఎక్కడ చదువుతారో దాన్నిబట్టి కొలత

జాతీయ రహదారి పక్క బోర్డుని కారులో వెళ్లేవాళ్లు రెండు మూడు సెకన్లు చూస్తారు. పేరు, సరుకు, ఏ సెంటర్ దగ్గర అన్నవి చాలు. ఫోన్ నంబర్లు మూడు పెడితే ఒక్కటీ గుర్తుండదు.

ఎస్‌ఎంఎస్ దగ్గర తెలుగు ఖరీదవుతుంది. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. అదీ గుణింతం, వత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కేస్తారు. “శ్రీ” ఒక్కటే 4 కింద లెక్క. 70 దాటితే రెండు మెసేజ్‌లయి డబ్బులు రెట్టింపు. అందుకని ఎస్‌ఎంఎస్‌కి తెలుగులో రాసేటప్పుడు పలకరింపులు తీసేసి నేరుగా విషయంలోకి వెళ్లండి. వ్యాపార మెసేజ్‌ల టెంప్లేట్‌ని ముందుగా టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో నమోదు చేయాలి. ఆ తర్వాత ఒక్క మాట మార్చినా మెసేజ్ ఆగిపోవచ్చు. నమోదుకి ముందే ప్రూఫ్, అంటే తప్పులు సరిచూసే పని, పూర్తవ్వాలి.

వాట్సాప్‌లో ఆ ఇబ్బంది లేదు. కానీ మెసేజ్ తెరవకముందు ఫోన్ తెర మీద మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి. “ప్రియమైన ఖాతాదారులకు నమస్కారములు” అన్నది ఆ చోటంతా తినేస్తుంది.

దిద్దడం వేరే పని, దానికి వేరే లెక్క

చాలామంది “కాస్త ఒకసారి చూసిపెట్టండి” అంటారు. ఆ “కాస్త”లో మూడు రకాల పనులుంటాయి. అక్షర దోషాలు, అంకెలు సరిచూడటం ఒకటి. వాక్యాలు సాఫీగా దిద్దడం రెండోది. విషయం అటుదిటు చేసి తిరగరాయడం మూడోది. ఏది కావాలో అడిగి, మూడింటికీ మూడు ధరలు చెప్పండి. ఈమధ్య ఏఐతో రాయించుకున్న మాటర్ దిద్దమని ఎక్కువగా వస్తోంది. అది సాధారణంగా మూడో రకం పనే అవుతుంది. వాక్యాలు నున్నగా ఉంటాయి, లోపల ఆ కొట్టు సంగతి ఉండదు. మళ్లీ యజమాని దగ్గర కూర్చోవలసిందే.

ప్రూఫ్ చూసేటప్పుడు అంకెలతో మొదలుపెట్టండి. ఫోన్ నంబరు కంటితో చూసి వదిలేయొద్దు, డయల్ చేయండి. క్యూఆర్ కోడ్‌ని వేరే ఫోన్‌తో స్కాన్ చేయండి. లైసెన్సు నంబరు అసలు సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె చదవండి. తేదీ ఉంటే వారం సరిపోయిందా అని క్యాలెండర్ చూడండి. తర్వాత మనుషుల పేర్లు, ఇంటిపేర్లు. ప్రారంభోత్సవం ఆహ్వానంలో ఒక పెద్దాయన ఇంటిపేరు తప్పు పడితే మిగతా కాగితమంతా ఎంత బాగున్నా ఎవరికీ పట్టదు.

ఆ తర్వాతే అక్షరాలు. ఎక్కువగా దొర్లేవి ఇవి: పద్దతి అని పడితే పద్ధతి, ప్రాధమిక అని పడితే ప్రాథమిక, భాద్యత అని పడితే బాధ్యత, ఉద్దేశ్యం అని పడితే ఉద్దేశం, సాంప్రదాయం అని పడితే సంప్రదాయం. అర్థం, అర్ధం రెండూ ఉన్న మాటలే కాబట్టి కంప్యూటర్ పట్టుకోదు, మీరే చూడాలి. మొదటిది భావం, రెండోది సగం. ణ, న, ళ, ల దగ్గర అనుమానం వస్తే నిఘంటువు తెరవండి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

ఒకే మాటని కాగితమంతా ఒకే తీరుగా రాస్తున్నామో లేదో కూడా చూడండి. పైన రాజమండ్రి, కింద రాజమహేంద్రవరం, ఇంకోచోట రాజమహేంద్రి ఉంటే వేర్వేరు బ్రాంచీలనుకుంటారు. ప్రతి కంపెనీకీ ఇలాంటి నిర్ణయాలు ఒక పేజీలో రాసి ఉంచుకుంటే తర్వాతి పని సగం తేలికవుతుంది.

ఆఖరి ప్రూఫ్ మీ ఫైల్‌లో చూస్తే లాభం లేదు

మీరు ఫోన్లలో, వెబ్‌సైట్లలో అంతటా చదవగలిగే యూనికోడ్‌లో టైప్ చేసి పంపుతారు. డీటీపీ సెంటర్లు, ఫ్లెక్స్ షాపులు చాలావరకు ఇప్పటికీ యూనికోడ్ కాని, అను అనే పాత ఫాంట్లలో పనిచేస్తాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోవడం, క్ష, జ్ఞ, చ్ఛ వంటివి వేరే రూపంలోకి పోవడం మామూలే. కొన్నిచోట్ల యూనికోడ్ మాటర్‌ని నేరుగా ఫోటోషాప్‌లో అతికిస్తే గుణింతాలు, వత్తులు విడిపోయి పడతాయి. భారతీయ భాషలకి సరిపోయే టెక్స్ట్ ఇంజిన్‌ని సెట్టింగుల్లో ఎంచుకుంటే సరవుతుంది, ఆపరేటర్‌కి చెప్పండి. మండలి, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలోనే డిజైన్ చేయించగలిగితే మార్చే గొడవే ఉండదు.

ఏ దారిలో వెళ్లినా, మెషిన్ మీదికి పోయే ఆ ఆఖరి ఫైల్‌నే తెప్పించుకుని మొదటి అక్షరం నుంచి చదవండి. ఒకరు అసలు కాపీ పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రింటు చూసుకుంటూ వెళ్లే పాత పద్ధతి ఇప్పటికీ అన్నింటికన్నా గట్టిది. ఇంట్లో ఎవరినైనా తోడు కూర్చోబెట్టుకోండి. వేల డబ్బాలు అచ్చయ్యే పనైతే ఒక్క నమూనా డబ్బా మడిచి చూపించమని అడగండి. మడతలో బరువో ఎంఆర్‌పీయో దాక్కుంటే తెలిసేది అప్పుడే.

యజమాని “ఓకే” అన్న మెసేజ్ వచ్చాకే ప్రెస్సుకి చెప్పండి. ఫోన్‌లో నోటిమాటగా వద్దు, రాతలో ఉండాలి.

డబ్బు, హక్కులు

ఇంగ్లిష్‌లో మాటల లెక్కన డబ్బు తీసుకోవడం రివాజు. తెలుగులో అలా తీసుకుంటే నష్టపోతారు. విభక్తులు, క్రియలు కలిసిపోయి ఇంగ్లిష్‌లో నాలుగు మాటలయ్యేది మనకి ఒకటో రెండో అవుతుంది. అనువాదమైతే ఇంగ్లిష్ మూలంలోని మాటలు లెక్కపెట్టండి. సొంత మాటర్ అయితే డబ్బాకి ఇంత, కరపత్రానికి ఇంత అని పని లెక్కన చెప్పండి. వినడానికి వెళ్లిన పూట కూడా ఆ ధరలో కలవాలి. సగం అడ్వాన్సు తీసుకుని మొదలుపెట్టడం ఇద్దరికీ మంచిది. ఏడాదికి రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, ఇలాంటి సేవలకి పన్ను 18 శాతం.

1957 కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగి కాకుండా బయటి నుంచి రాసిన మనిషికే ఆ రాత మీద మొదటి హక్కు. కంపెనీకి హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. కాలం ఎంతో రాయకపోతే 5 ఏళ్లుగా, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకేనని పరిగణిస్తారు. ఎగుమతి చేసే కంపెనీలకి ఈ రెండూ ముఖ్యం కనుక బిల్లు మీదే ఒక వాక్యం రాసివ్వండి. పూర్తి డబ్బు అందాకే హక్కు మారుతుందని అందులో పెట్టండి.

పండగ పని ముందే మొదలుపెట్టాలి. సంక్రాంతికి కోనసీమ అంతా చుట్టాలతో నిండుతుంది, స్వీట్లు, బట్టలు, లాడ్జీల ప్రకటనలన్నీ ఆ పది రోజుల కోసమే. డిసెంబరు మధ్య నుంచి ప్రెస్సుల్లో ఎవరూ దొరకరు. నవంబరు ఆఖరుకే మాటర్ రాసి, దిద్ది, డిజైన్‌కి ఇచ్చేయండి. బెల్లం, నెయ్యి ధరలు తేలక యజమాని ఎంఆర్‌పీ చెప్పలేకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచి మిగతాదంతా ఓకే చేయించుకోండి. ధర వచ్చిన రోజు ఆ అంకె వేయించి, ఆ పక్కన ఏదీ కదల్లేదని చూసుకుని ప్రెస్సుకి పంపండి.